బందరు వెళ్ళొచ్చిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఈ కాలంవాళ్ళకు నా పేరు చెబితే తెల్లముఖం వేస్తారు కాబట్టి ముందు నా రూపురేఖలు చెప్పుకోవాలి. గుండ్రని పొట్ట, పొట్టి మెడ, మెడకు తిప్పి బిగించే మర, మర మీద మూత, మూత మీద పట్టుకోవడానికి ఒక కడియం, ఒళ్ళంతా ఇత్తడి. ప్లాస్టిక్ సీసాలు పుట్టకముందు బండ్లలోనూ బస్సుల్లోనూ రైళ్ళలోనూ మనుషుల వెంట వెళ్ళిన మంచినీళ్ళన్నీ మా కడుపులో కూర్చునే వెళ్ళాయి. ఎత్తేసినా దొర్లించినా చుక్క ఒలకకుండా ఊరు చేర్చడం మా వృత్తి. అరవయ్యేళ్ళకు పైబడిన జీవితంలో నేను ఒక్కసారే ఒలికాను. అది నా తప్పు కాదు. అయినా ఒలికినందుకు నాకు ఇప్పుడు ఏ బాధా లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఈ కథంతా.

గోదావరి జిల్లాలో ఇత్తడి పనికి పేరున్న ఒక ఊళ్ళో పుట్టాను. నన్ను చేసినవాడు పోతులూరయ్య. మంచి పనివాడే గానీ ఎడమచేతివాటం మనిషి. మెడ చుట్టూ తీగ చుట్టి, అతికి, మర చెయ్యాలి. ఆయన చెయ్యి ఎటు తిరిగితే తీగ అటు తిరిగింది. దాంతో లోకంలో ఉన్న మూతలన్నీ కుడివైపు తిప్పితే బిగుసుకుంటుంటే నా మూత ఎడమవైపు తిప్పితే బిగుసుకుంటుంది. ఆయన తయారైన చెంబును అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తిక్క ఎక్కువ," అని నవ్వి, మిగతావాటితో కలిపి బందరు పంపే గోతంలో వేశాడు. కన్నతండ్రి నా గురించి అన్న మొదటి మాట, చివరి మాట అదే.

బందరు బజారులో ఆ తిక్క వల్లే నేను చాలాకాలం అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళు మూత తీయబోయేవారు. అది ఇంకా బిగుసుకునేది. మొహం చిట్లించి పక్క చెంబు తీసుకునేవారు. చివరికి దుకాణదారు నీళ్ళ కూలి కింద నన్ను వీరాస్వామి చేతిలో పెట్టాడు. వీరాస్వామి ఆ వీధికి కావడితో మంచినీళ్ళు పోసే మనిషి.

ఇక్కడ బందరు సంగతి ఒక ముక్క చెప్పాలి. ఫ్రెంచివాళ్ళ పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్ళ వలందపాలెం అంటూ ఆ ఊళ్ళో పేటల పేర్లు వింటేనే తెలుస్తుంది, ఎన్ని దేశాలవాళ్ళు ఓడలేసుకుని వచ్చి అక్కడ దిగారో. అద్దకం బట్టల కోసం వచ్చారు, కోటలు కట్టారు, కొట్టుకున్నారు, కొందరు అక్కడే సమాధుల్లో పడుకున్నారు. ఇంతా చేసి ఆ ఊళ్ళో చాలా బావుల్లో నీళ్ళు ఉప్పన. నోట్లో పోసుకోలేని నీళ్ళున్న ఊరి కోసం సముద్రాలు దాటి వచ్చి తన్నుకున్న మనుషుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వీరాస్వామి మాత్రం నవ్వేవాడు కాదు. తెల్లారకముందే వెళ్ళి, ఊరి బయట తీపినీళ్ళ బావిలో తోడి, రెండు కడవలు భుజాన వేసుకుని వచ్చేవాడు. దారిలో ఒక్క చుక్క నేల మీద పడనిచ్చేవాడు కాదు. కూతురు తిరుపతమ్మకు నాలుక మీద ఒక్క బొట్టు వేస్తే చాలు, అది ఏ బావి నీళ్ళో చెప్పేసేది.

తిరుపతమ్మకు పదిహేడో ఏట జగ్గయ్యపేట సంబంధం కుదిరింది. కాపురానికి పంపే రోజున వీరాస్వామి నన్ను నిండా తీపినీళ్ళతో నింపి, మూత ఎడమవైపు బిగించి, కూతురి చేతిలో పెట్టాడు. "దారిలో తాగు, ఆ ఊరి నీళ్ళు అలవాటయ్యేదాకా దాచుకుని తాగు," అన్నాడు. తిరుపతమ్మ ఆ నీళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. పూటకొక గుక్క చొప్పున మూడు రోజులు తాగింది. ఆఖరి గుక్క తాగేటప్పుడు నా మెడ పట్టుకుని ఏడ్చింది. అలా నేను ఆ ఇంటికి వచ్చాను.

తరవాత చాలా ఏళ్ళు బాగానే గడిచింది. తిరుపతిలో కొండెక్కాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, ఆస్పత్రులకు కూడా వెళ్ళాను. ఎక్కడికి వెళ్ళినా నన్ను ఎవరూ దొంగిలించలేదు, మూత రాకపోతే దొంగ మాత్రం ఏం చేసుకుంటాడు! ఆ తరవాత ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. నన్ను అటక మీదికి ఎక్కించారు. అక్కడ పాత గొడుగు, విరిగిన స్టూలు నా ఇరుగుపొరుగు. గొడుగుకు చాదస్తం ఎక్కువ. అయినా సర్దుకుపోయాను.

ఈ మాఘమాసంలో నన్ను అటక దించారు.

తిరుపతమ్మకు ఇప్పుడు డెబ్బై ఏడు. కిందటి నెల మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని వాకిటిదాకా నడుస్తుంది, అంతే. ఆమె కొడుకు శివనాగేశ్వరరావు సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. కోడలు హైమావతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా ఈ మొగుడూ పెళ్ళాలు సరదాకని ఒక్క ఊరూ వెళ్ళలేదు. ఎప్పుడూ ఎవరిదో పెళ్ళి, ఎవరిదో పరామర్శ. "రెండు రోజులు బందరు పోయిరండి," అని ముసలావిడే పట్టుబట్టింది. పక్కింటావిడ తోడు పడుకుంటానంది. వద్దనడానికి వాళ్ళకు సాకు దొరకలేదు.

"మాఘ పౌర్ణమికి సముద్రంలో మునగాలని నాకు అరవయ్యేళ్ళ నుంచీ ఉందే హైమా. ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డం. ఇప్పుడీ కాలు. నేనెటూ పోలేను, మీరే సముద్రాన్ని తెచ్చి నా నెత్తిన పొయ్యండి," అంది తిరుపతమ్మ.

"పెద్ద సీసా ఒకటి తీసుకెళ్తాంలే అమ్మా," అన్నాడు శివనాగేశ్వరరావు.

"సీసాలో సముద్రమేంట్రా! నా మరచెంబు దించు. ఎడమకి తిప్పితే బిగుసుద్ది, కుడికి తిప్పితే వచ్చుద్ది. మర్చిపోబాకండి. ఇంకో మాట. పున్నమి రోజు ఆ నీళ్ళు నా ఒంటి మీద పడేదాకా నేనేం తినను. పొద్దుగూకేలోపు వచ్చెయ్యండి."

"బీపీ మాత్రలేసుకోవాలి కదత్తయ్యా, ఖాళీ కడుపునా?"

"మజ్జిగ తాగుతాలే. నువ్వు నీళ్ళు తెస్తానని మాటియ్యి."

హైమావతి చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. చింతపండు పెట్టి నన్ను తోమింది. నల్లగా మాసిపోయినవాణ్ణి గంటలో పెళ్ళికొడుకులా తయారయ్యాను. గొడుగు చూసి కుళ్ళుకుంది.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. బస్సులో శివనాగేశ్వరరావు దాహమేసి నా మూత పట్టుకుని కుడిచేత్తో, ఎడంచేత్తో, చివరికి పైగుడ్డ వేసి తిప్పాడు. తిప్పినకొద్దీ బిగించాడు. క్రేనుతో లారీలెత్తే మనిషి చెంబు ముందు చెమటలు కక్కుతుంటే హైమావతి నవ్వాపుకోలేక, "ఇటివ్వండి," అని తీసుకుని ఒక్క తిప్పుతో తీసింది. అప్పటిదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చున్న భార్యను ఆయన ఆ క్షణం నుంచీ కొంచెం మర్యాదగా చూడటం మొదలుపెట్టాడు.

బందరులో పరాసుపేటలో మస్తాన్‌బీ అనే ఆవిడ తన ఇంట్లో ఒక గది ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇస్తుంది. ఎవరో చెబితే వాళ్ళు అక్కడ దిగారు. అరవై దాటిన మనిషి, చురుకైన చేతులు. తాళంచెవి ఇవ్వకముందే ఆవిడ అన్న మాట ఇది. "మా కొళాయి నీళ్ళు స్నానానికేనమ్మా, నోట్లో పోసుకోబాకండి, ఉప్పు. తాగడానికి ఇదిగో, ఈ మూత పెట్టిన బిందె. ఇవి తీపినీళ్ళు, వీధి చివరి నుంచి నేనే మోసుకొస్తా. ఎన్ని కావాలంటే అన్ని తాగండి, మొహమాటం వద్దు." ఆ మాట విని నాకు వీరాస్వామి భుజం మీద కడవలు గుర్తొచ్చాయి. ఊరు పెరిగింది, మేడలొచ్చాయి, బందరు మనిషి అతిథితో మాట్లాడే మొదటి మాట మాత్రం ఇంకా నీళ్ళ గురించే.

ఆ పగలంతా నా జన్మలో చూసిన మంచి పగళ్ళలో ఒకటి. హైమావతి భుజానికి తగిలించిన సంచిలోంచి తల బయటపెట్టి నేనూ ఊరు చూశాను. కోట దగ్గర కూలిన గోడలు చూశారు. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన అక్షరాలను శివనాగేశ్వరరావు వేలితో తడుముతూ, "ఏ ఊరివాళ్ళో పాపం, ఇంత దూరమొచ్చి పోయారు," అన్నాడు. "వాళ్ళావిళ్ళు వద్దనే ఉంటారు, వినుండరు," అంది హైమావతి. అద్దకం పని చూడబోయి ఒక గంట అక్కడే కూర్చుండిపోయారు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో టక్కున కొడుతున్నారు. గీతకు గీత ఎక్కడా తప్పడం లేదు. కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి హైమావతి రెప్ప వెయ్యకుండా చూసింది. తరవాత వీధిలో నిలబడి హల్వా తిన్నారు. నెయ్యి వేళ్ళకు అంటుకుంటే ఆయన తన జేబురుమాలు తీసిచ్చాడు. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటిది మొదటిసారని ఆమె మొహమే చెప్పింది. ఇంత చిన్నపనికి మనుషులకు ఇన్నేళ్ళు ఎందుకు పడుతుందో నాకు అర్థం కాదు.

ఆదివారం పౌర్ణమి. తెల్లవారుజామునే ఆటోలో మంగినపూడి చేరాం. ఒడ్డంతా జనం. అక్కడి నేల నల్లటి బంకమట్టి, అడుగు వేస్తే పాదం దిగబడుతుంది. ఆయన చెయ్యి ఆమె పట్టుకుందో, ఆమె చెయ్యి ఆయన పట్టుకున్నాడో గానీ ఇద్దరూ కలిసి మునిగారు. లేచాక హైమావతి నన్ను తీసుకుని నడుం లోతుకు వెళ్ళింది. సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. "అత్తయ్య పేరు మీద," అని నన్ను నీళ్ళలో ముంచింది.

సముద్రం నాలోకి వచ్చింది. బుడబుడమంటూ, ఉప్పగా, చురుక్కుమంటూ వచ్చింది. ఇత్తడికి ఉప్పు పడదు, ఒళ్ళంతా మండింది. అయినా అంతగా నేను ఎన్నడూ గర్వపడలేదు. అరవయ్యేళ్ళ కోరికను కడుపులో పెట్టుకుని తీసుకెళ్ళే పని ఎన్ని చెంబులకు దొరుకుతుంది? హైమావతి మూత ఎడమవైపు గట్టిగా బిగించింది.

గదికి తిరిగొచ్చి సామాను సర్దుకున్నారు. నన్ను వసారా గోడ మీద పెట్టి, లడ్లు కొనుక్కురావడానికి బజారుకు వెళ్ళారు. అంతలో మస్తాన్‌బీ వచ్చింది. దారికి నీళ్ళున్నాయో లేవోనని నన్ను ఎత్తి ఊపి చూసింది. నిండుగా ఉన్నానని తెలిసింది. ఆవిడ అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. "ఏ నీళ్ళు పట్టుకున్నారో ఏమో," అని మూత తిప్పబోయింది. అది బిగుసుకుంది. ఇంకా తిప్పింది. ఇంకా బిగుసుకుంది. బిగుసుకునే కొద్దీ నేను లోలోపల మురిసిపోయాను. చివరికి ఆవిడకు ఒళ్ళు మండి, "ఇదేం మూతరా నాయనా," అంటూ విసురుగా రెండోవైపు తిప్పింది. మూత వచ్చేసింది.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో, కొళాయి నీళ్ళు పట్టుకున్నారే! ఊరిమీదికొచ్చినోళ్ళని ఉప్పునీళ్ళతో పంపిస్తానా," అంటూ నన్ను కొబ్బరిచెట్టు మొదట్లో వంచేసింది.

అది సముద్రం తల్లీ, అని అరవాలనిపించింది. చెంబుకు నోరుంది గానీ మాట లేదు. తెల్లవారుజామున అంత ముచ్చటగా ఎక్కించుకున్న సముద్రం గడగడమంటూ చెట్టు పాదులోకి పోయింది. ఆవిడ నన్ను రెండుసార్లు కడిగి, బిందె మూత తీసి, తాను మోసుకొచ్చిన తీపినీళ్ళు అంచుదాకా పోసింది. మూత తీసేటప్పుడు కోపం మీద తీసింది కానీ పెట్టేటప్పుడు అలవాటు మీద పెట్టింది. అందరిలాగే కుడివైపు తిప్పింది. మూత నా మెడ మీద ఊరికే కూర్చుంది.

వీళ్ళు లడ్లతో వచ్చేసరికి బస్సు వేళయింది. హడావిడిగా నన్ను సంచిలో వేసుకుని బయల్దేరారు. మస్తాన్‌బీ వీధి గుమ్మందాకా వచ్చి చెయ్యి ఊపింది.

పామర్రు దాటామో లేదో, బస్సు ఒక గతుకులో పడి ఎగిరింది. నా మూత జరిగింది. ముందే చెప్పానే, జీవితంలో ఒక్కసారి ఒలికానని, అది ఇదే. హైమావతి ఒళ్ళో చీర తడిసింది. "అయ్యో, అత్తయ్య నీళ్ళు," అని గబుక్కున నన్ను నిలబెట్టి, తడి వేళ్ళు కళ్ళకు అద్దుకుంది. కళ్ళు మండలేదు. అనుమానం వచ్చి నాలుకకు రాసుకుంది. మొహంలో రంగు మారిపోయింది.

"ఏవండీ, ఇవి తియ్యగా ఉన్నాయి."

"ఏవి?"

"సముద్రం!"

ఆయనా రుచి చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హైమావతి వెంటనే మస్తాన్‌బీకి ఫోన్ చేసింది. అవతల ఆవిడ గొంతు సంచిలో ఉన్న నాకు కూడా వినపడింది.

"అయ్యో నా తల్లీ! సముద్రపు నీళ్ళా అవి! మా కొళాయి నీళ్ళనుకుని చెట్టుకు పోసేశానమ్మా. దారిలో తాగుతారని బిందెలోవి పోశా. ఎంత పని చేశాను! మీ అత్తగారి పూజకా?"

"స్నానానికండీ. పొద్దున్నుంచీ తినకుండా కూర్చుంది."

"యా అల్లా! నేను ఆటో కట్టుకుని పోయి పట్టుకొస్తానమ్మా, బస్సుకిచ్చి పంపనా?"

ఎలా పంపినా పొద్దుగూకేలోపు చేరదు. వెనక్కి తిరిగి వెళ్ళినా ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది. అక్కడ ముసలావిడ మజ్జిగ మీద ఉంది. "మీ తప్పేం లేదులెండి, నేనే మీకు చెప్పుండాల్సింది," అని హైమావతి ఫోన్ పెట్టేసింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మాటిచ్చిన చెయ్యి ఆ చెయ్యే. నాకు చాలా కష్టంగా అనిపించింది. నేనే ఒలికించి బయటపెట్టకపోతే వీళ్ళు హాయిగా ఉండేవాళ్ళు కదా అని కూడా అనిపించింది.

బెజవాడలో బస్సు మారేటప్పుడు శివనాగేశ్వరరావు ఎటో వెళ్ళి ఒక పొట్లంతో వచ్చాడు. కల్లుప్పు.

"నాలుగు గుప్పిళ్ళు కలిపితే సరిపోద్ది. అమ్మకేం తెలుస్తుంది?"

"మాటిచ్చానండీ."

"నీళ్ళు తెస్తానన్నావు, తెస్తున్నావు. ఈ వయసులో ఆవిణ్ణి బాధపెట్టి మనం ఏం బావుకుంటాం చెప్పు?"

హైమావతి పొట్లం ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేటదాకా దానివంకే చూస్తూ కూర్చుంది. ఆ గంటన్నర నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నీళ్ళు నావి కాబట్టి చెబుతున్నాను, అబద్ధం కలిపితే ముందుగా కుళ్ళేది నా కడుపే.

ఇంటికి చేరేసరికి ఎండ వాలుతోంది. తిరుపతమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని, పక్కన బకెట్టుతో నీళ్ళు, భుజాన తువ్వాలు పెట్టుకుని తయారుగా కూర్చుంది. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది. "తెచ్చారా?" అంది.

"ఒక్క నిమిషం అత్తయ్యా," అని హైమావతి నన్ను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మూత తీసింది. ఉప్పు పొట్లం మూల పంటితో కొరికింది. నా మూతి మీదికి వంచింది. ఒక్క ఉప్పుకల్లు జారి నా అంచు మీద పడి ఆగింది. ఆమె చెయ్యి కూడా అక్కడే ఆగిపోయింది. తరవాత ఆ కల్లును వేలితో తీసి పారేసి, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో పొట్లాన్ని పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, ఇవి సముద్రపు నీళ్ళు కావు." జరిగిందంతా చెప్పింది. వసారా గోడ, మూత, కొబ్బరిచెట్టు, ఉప్పు పొట్లంతో సహా ఏదీ దాచలేదు. శివనాగేశ్వరరావు గుమ్మం పక్కన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

తిరుపతమ్మ కుర్చీలో ముందుకు వంగి నా వంక చూసింది. తరవాత అంది.

"పారబోసి, ఏం పోసింది?"

"తాగే నీళ్ళత్తయ్యా. బిందెలోవి. ఆవిడే వీధి చివర్నుంచి మోసుకొస్తుందట."

"ఇటియ్యి."

నన్ను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతుల్లో పట్టు తగ్గింది గానీ పట్టుకునే తీరు అదే. అరచేతిలో కాసిని వంపుకుని నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. అరవయ్యేళ్ళ తరవాత నాలుక ఏం గుర్తుపడుతుందిలే అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు కారుతున్నాయి.

"ఇవి మా నాన్న నీళ్ళే," అంది.

నన్ను ఒళ్ళో పెట్టుకుంది.

"కాపురానికొచ్చేటప్పుడు ఇదే చెంబులో పోసిచ్చాడు. మూడు రోజులు తాగా. మళ్ళీ ఇన్నాళ్ళకి. సముద్రానికేం, ఎప్పుడు పోయినా అక్కడే ఉంటది. మా ఊళ్ళో తీపినీళ్ళు ఒకళ్ళ చేత్తో పోస్తేనే వచ్చేది. బిందె మోసుకొచ్చి పోసిందంటే ఆ మహాతల్లి ఎవరోగానీ..." తువ్వాలుతో మొహం తుడుచుకుంది. తరవాత హైమావతి చేతిలోని పొట్లం కేసి చూసింది. పెదవి మీద నవ్వు మొలిచింది.

"ఆ ఉప్పు ఇందులో కలిపావంటే చంపేసేదాన్ని. ఆ బకెట్లో పొయ్యి."

"బకెట్లోనా?"

"ఉప్పు ఎక్కడ్నుంచి వచ్చుద్దే? సముద్రంలోంచేగా! నా నెత్తిన పోసుకోడానికి అది చాలు. తొందరగా కానియ్యి, ఆకలి దంచేస్తోంది."

శివనాగేశ్వరరావు ఒక్క ఉదుటున వచ్చి పొట్లం మొత్తం బకెట్లోకి దులిపేశాడు. హైమావతి అత్తగారిని కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆపరేషన్ కాలు తడవకుండా కవరు చుట్టి, ఇంకో చెంబుతో బకెట్లో నీళ్ళు ముంచి ముంచి పోసింది. తూర్పున ఇళ్ళ మీదుగా పెద్ద చంద్రుడు లేచాడు. తిరుపతమ్మ వణుకుతూ, నవ్వుతూ, "అల వస్తంది, పొయ్యి, గట్టిగా పొయ్యి," అని కేకలేసింది. పక్కింటావిడ గోడ మీదినుంచి తొంగిచూసి ముక్కు మీద వేలేసుకుంది. ఆ తరవాత మూడు కంచాలు పెట్టుకుని పులిహోర, బందరు లడ్లు తిన్నారు. తిరుపతమ్మ ఫోన్ అడిగి తీసుకుని మస్తాన్‌బీతో అరగంట మాట్లాడింది. అందులో సగం తీపినీళ్ళ బావి ఇప్పుడుందా లేదా అనే. కాలు నయమయ్యాక ఉగాది వెళ్ళగానే వస్తానని మాటిచ్చింది. చెంబు కూడా వెంట తెస్తానంది.

కాబట్టి నన్ను మళ్ళీ అటక ఎక్కించలేదు. తిరుపతమ్మ మంచం పక్కన చిన్న బల్ల మీద ఉంటున్నాను. పొద్దున పూట మూత కుడివైపు తిప్పి ఒకే ఒక్క గుక్క తాగుతుంది, ఎడమవైపు తిప్పి బిగిస్తుంది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. నిన్న కొడుకు, "అయిపోవచ్చాయేమో కదమ్మా," అంటే నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "ఇంకా రెండు గుక్కలున్నాయిరా," అంది. నిజానికి మూడున్నాయి. ఆమెకు ఆ సంగతి రేపు తెలుస్తుంది.